పీత పట్టు వదిలించిన హైమవతి

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పట్నం. ఆ పట్నంలో హైమవతి అని ఓ పిల్ల. తోటిపిల్లలు గవ్వలేరుకుంటుంటే ఇదేమో గవ్వలో ఉన్న పురుగేం తింటుంది, ఎలా నడుస్తుంది అని చూస్తూ కూచునేది. పెద్దయ్యాక జంతుశాస్త్రం చదువుతానంది. నాన్న నవ్వాడు, బాబాయి కసిరాడు, మేనత్త ముక్కు మూసుకుంది. కప్పల్నీ పీతల్నీ కోసే పిల్లని ఎవరు చేసుకుంటారే అన్నారు. అమ్మ మాత్రం పుస్తకాల సంచి చేతికిచ్చి వెళ్ళమంది. మగపిల్లల మధ్య ఒక్కతే కూచుని చదివింది. ఊ కొట్టండర్రా, నిద్రపోయారా ఏంటి?

అలా చదివి చదివి, ఆ పట్నం యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పే ఉద్యోగం తెచ్చుకుంది. అంతకుముందు అక్కడ ఆడమనిషి పాఠం చెప్పిందే లేదు. పెద్ద ప్రొఫెసరుగారికి ఇది సుతరామూ ఇష్టంలేదు. క్లాసులో ఏ చిన్న గొడవ జరిగినా పాఠాలు మాన్పించి నిన్ను లైబ్రరీలో కూచోబెట్టేస్తానమ్మా అని ముందే చెప్పేశారు.

మొదటిరోజు రానే వచ్చింది. సూర్యారావని ఓ అల్లరి కుర్రాడు, ఆవిణ్ణి బెదరగొడదామని బతికున్న పీతని తెచ్చి ఆవిడ బల్ల సొరుగులో పెట్టబోయాడు. పీత ఊరుకుంటుందా? వాడి వేలే పట్టేసుకుంది. లాగినకొద్దీ బిగిస్తోంది. హైమవతి లోపలికి అడుగుపెట్టేసరికి వాడు లబోదిబోమంటున్నాడు.

ఆవిడ కోప్పడలేదు. గాజు తొట్టిలో ఉప్పునీళ్ళు తెప్పించి, వాడి చెయ్యీ పీతా కలిపి ముంచింది.

"కదపకు నాయనా. నువ్వు లాగితే అది భయపడుతుంది, భయపడితే ఇంకా బిగిస్తుంది," అంది.

వాడు చెయ్యి కదపకుండా ఉంచాడు. కాసేపటికి పీత మెల్లిగా వేలు వదిలేసి, తొట్టిలో ఓ పక్కకి నడుచుకుంటూ పోయింది.

ఈలోగా ఆ అరుపులు విని ప్రొఫెసరుగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఏమిటీ గొడవ అన్నారు. నిజం చెబితే కుర్రాణ్ణి తరిమేస్తారు, చెప్పకపోతే గొడవ హైమవతి నెత్తిన పడుతుంది. అయినా ఆవిడ, పీత గురించి పాఠం చెబుతున్నానండీ అని ఊరుకుంది.

సూర్యారావు తల వంచుకునే ముందుకొచ్చాడు. "తప్పు నాదండీ. పీతని తెచ్చింది నేనే. మేడంగారిని పాఠం చెప్పనివ్వండి," అన్నాడు.

ప్రొఫెసరుగారు వాణ్ణి చూశారు, ఆవిణ్ణి చూశారు, తొట్టి చుట్టూ మూగిన పిల్లల్ని చూశారు. గుమ్మం పక్కన బల్ల మీద కూచుని పాఠమంతా విన్నారు. లైబ్రరీ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

తరవాత తరవాత హైమవతే ఆ డిపార్టుమెంటుకి పెద్దయింది. ఆడపిల్లలు ఒక్కరొక్కరే వచ్చి చేరారు. సముద్రం పోటు తగ్గినప్పుడల్లా వాళ్ళని రాళ్ళమధ్యకి తీసుకెళ్ళి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నీళ్ళల్లోనే పాఠం చెప్పేది. చివరికి ఏమైందో తెలుసా? ఆ ప్రొఫెసరుగారే కర్ర పొడుచుకుంటూ వచ్చి, తన మనవరాలిని ఆవిడ క్లాసులో చేర్పించి వెళ్ళారు.

అందుకని, మీకు నచ్చిన చదువు ఎవరు నవ్వినా మానకండి. తప్పు చేస్తే ఒప్పుకోడానికి సిగ్గుపడకండి. ఇక కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరదాం.