రొయ్య విప్పేసిన అంగీ

ఒకప్పుడు రొయ్యకు సిగ్గూ లేదు, భయమూ లేదు. ఒంటిమీది పెంకు ఇరుకైపోతే చాలు, నీళ్ళ నడిమధ్యన, అందరూ చూస్తుండగానే విప్పి పారేసేది. పిల్లలు కాలవ గట్టున చొక్కా విప్పినట్టన్నమాట. చేపలు తల తిప్పి చూసేవి కూడా కావు. ఒక పెంకు తీస్తే లోపల ఇంకో గట్టి పెంకు ఉంటుందని, అదంతా ఉల్లిపాయ వ్యవహారమని వాటి నమ్మకం.

ఆ రోజుల్లో ఏటి ఒడ్డున ఎల్లాజీ అనే ముసలాయన ఉండేవాడు. ఆయన చేపల్ని పట్టడు, పెంచుతాడు. పెరట్లో పెద్ద రాతి తొట్టి ఉండేది. నిజానికి అది గేదె కుడితి తొట్టి. చేపల కోసం లాక్కున్నాడని గేదె చాలాకాలం అలిగి పాలు ఎగ్గొట్టింది. చివరికి దానికి కొత్త గాబు కొనిపెడితే గానీ శాంతించలేదు. గేదెల పట్టుదల అలాంటిది. సరే, ఆ తొట్టిలో చిన్న చిన్న పరిగె చేపలుండేవి, ఒక ముసలి గొరక చేపా ఉండేది. తోక ఆడించే తీరు చూసి, ఏ చేపకు ఒంట్లో బాగాలేదో ఎల్లాజీ ఇట్టే చెప్పేవాడు.

ఒక ఎండాకాలం ఆయన కాలవ దారిన పోతుంటే సన్నటి గొంతు వినిపించింది.

“తాతా! కాలవ ఎండిపోతోంది. నన్నూ తీసుకుపోవా?”

వంగి చూస్తే, గాజుముక్కలాంటి చిన్న రొయ్య. ఎల్లాజీకి ముచ్చటేసింది. గట్టున పాచిపట్టి పడివున్న సన్నమూతి ముంత ఒకటి తీసుకుని, అందులో దాన్ని ఎక్కించుకున్నాడు.

“నా తొట్టిలో నీమీద ఈగ కూడా వాలదు తల్లీ. మాటిస్తున్నా,” అన్నాడు.

“నాకేం కావాలో చెప్పనా తాతా?”

“నాకు చెప్తావా! చేపల్ని పెంచి పెంచి గడ్డం నెరిసింది.”

“నేను చేపను కాను కదా.”

“నీళ్ళలో ఉండేదంతా చేపే. ఊరుకో.”

ఇంటికి రాగానే ఎల్లాజీ పంచె ఎగగట్టాడు. కొత్త చేప వస్తే తొట్టి తళతళలాడాలని ఆయన పట్టింపు. పాత నీళ్ళన్నీ తోడి పారబోశాడు. గోడల పాచి కొబ్బరిపీచుతో గీకేశాడు. అడుగున ఉన్న రాళ్ళూ ఆకులూ ఏరేశాడు. చల్లటి బావినీళ్ళు నింపాడు.

రొయ్య అదిరిపడింది. “తాతా! నా అన్నమంతా గీకేశావు!”

“పాచి అన్నమేంటే? ఇదిగో తవుడు.”

భార్య పోలమ్మ తొట్టి పక్కన నిలబడి నవ్వింది. “ముంత కూడా తోమమంటావా మావా? అది నాకంటే నల్లగా ఉంది.”

“దాన్నెవరు చూస్తారు? ఆ మూల పడెయ్.”

తెల్లవారగానే ఎల్లాజీ తవుడు పట్టుకుని తొట్టి దగ్గరికి వచ్చాడు. వంగి చూశాడు. చేతిలో తవుడు జారి కాళ్ళమీద పడింది.

తొట్టి అడుగున రొయ్య వెల్లకిలా పడివుంది. కళ్ళున్నాయి, మీసాలున్నాయి, కాళ్ళున్నాయి. వేలితో పైకి తీస్తే గాలిలా తేలిగ్గా ఉంది. లోపల ఏమీ లేదు! ఒట్టి డొల్ల!

“పోలమ్మా! తినేశారే! లోపలి మెత్తటి మాంసమంతా పీల్చేసి పెంకు వదిలేశారే!”

ఎల్లాజీ మాటిచ్చి ఒక్కరోజైనా కాలేదు. చూపు ముసలి గొరక మీద పడింది. ఒక్క ఊపున దాన్ని ఎత్తి తొట్టి గట్టుమీద అదిమి పట్టాడు.

“చెప్పవే! నువ్వే కదూ?”

గొరక గట్టుమీదా ఊపిరి పీల్చగలదు, అందుకే నింపాదిగా అడిగింది. “లోపల మెత్తగా ఉంటుందా?”

“నంగనాచీ! వెన్నలా ఉంటుంది!”

“ఆహా,” అంది గొరక. “మాకెవరూ చెప్పలేదే.”

అప్పుడే తొట్టి నడిమధ్యనుంచి సన్నటి గొంతు వచ్చింది.

“తాతా, దాన్నెందుకు తిడతావు? నేనిక్కడే ఉన్నాను! చల్లనీళ్ళు పడేసరికి ఒళ్ళు బిగిసి పాత అంగీ విప్పేశాను. కొత్తది ఇంకా గట్టిపడలేదు.”

ఎల్లాజీ అటూ ఇటూ చూశాడు. చేతిలో రొయ్య, నీళ్ళలో రొయ్య! పట్టు సడలింది. గొరక చెయ్యి జారి బుడుంగున తొట్టిలో పడింది.

పడి, మెల్లగా రొయ్యవైపు తిరిగింది. పరిగెలు కూడా తిరిగాయి. అవీ అంతా విన్నాయి మరి.

లోపల వెన్నలా ఉంటుందని ఎల్లాజీ తన నోటితో తానే చెప్పాడు! రొయ్య వెనక్కి గెంతింది, మళ్ళీ గెంతింది. దాక్కుందామంటే రాయి లేదు, ఆకు లేదు, పాచి లేదు. అద్దంలా మెరిసే తొట్టిలో ఎటు పోతే అటు గొరక నోరు.

“ముంత! ముంత తే!” అని అరిచాడు.

పోలమ్మ విసిరిన ముంతను ఎల్లాజీ తొట్టిలో అడ్డంగా పడేశాడు. రొయ్య వెనక్కి దూసుకుపోయి అందులో దూరింది. వెనకే వచ్చిన గొరక తల ముంత మూతికి ఠంగున తగిలింది.

కాసేపటికి లోపలినుంచి వణుకుతున్న గొంతు. “తాతా, నా అంగీ ఇవ్వు.”

“చింపి విప్పేశావు కదే, మళ్ళీ ఎలా తొడుక్కుంటావు?”

“తొడుక్కోను. తింటాను.”

పాత పెంకు అందిస్తే రొయ్య నిజంగానే కొరుక్కు తింది. “తన చొక్కా తనే తింటోంది!” అని పోలమ్మ గడపమీద కూలబడింది.

“అది తింటేనే కొత్తది గట్టిపడుతుంది. నిన్ననే చెప్పబోయాను,” అంది రొయ్య.

ఎల్లాజీ తలొంచుకున్నాడు. ముంత దగ్గరికి వంగి, “ఇప్పుడు చెప్పు తల్లీ, నీకేం కావాలి?” అన్నాడు.

పాచి తిరిగి వచ్చింది. రాళ్ళూ ఆకులూ వచ్చాయి. కానీ చేపల చెవిన పడ్డ మాట మాత్రం వెనక్కి రాలేదు. తొట్టిలోంచి ఏటికీ, ఏటిలోంచి సముద్రానికీ పాకిపోయింది.

అప్పటినుంచే రొయ్య ఎవరి కంటా పడకుండా చాటున పెంకు విడుస్తుంది. కొత్తది గట్టిపడేదాకా బయటికి రాదు. అడుగున పడివున్న ఒట్టి డొల్లను చూసి, తలపండిన చేపల పెంపకందారుకైనా ఈనాటికీ గుండె ఒక్కసారి ఆగుతుంది. పక్కనే ఏ ఆకు చాటునో రొయ్య మీసాలు ముడుచుకుని, ఊపిరి బిగబట్టి, అతను నోరెత్తకుండా ఉంటే బాగుండునని చూస్తూ ఉంటుంది.