మైనంలో మహారాణి

రోము నగరపు టంకశాలలో ఫెస్టస్‌కి ఒకటే బెంగ. గురువు డామాస్ సరే అంటాడా, అనడా?

చక్రవర్తి భార్య చనిపోయింది. బతికుండగా ఆమె బొమ్మతో ఒక్క నాణెం కూడా కొట్టలేదు. ఇప్పుడు కొడుతున్నారు. ఆ అచ్చు చెక్కే పని ఫెస్టస్‌కి దక్కింది. డామాస్ ఒప్పుకుంటేనే అచ్చు కొలిమికి వెళుతుంది. అక్కడ గట్టిపడ్డాక ఇక దాని మీద ఉలి దిగదు.

డామాస్ గనుల్లో బానిసగా పెరిగి, చేతిపనితో విడుదల సంపాదించుకున్నవాడు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదని తోటివాళ్లు నవ్వుకునేవారు.

దహనానికి ముందు మహారాణిని జనం చూడటానికి ఉంచినప్పుడు, వెళ్లి చూసి రమ్మని శిష్యుడికి చెప్పాడాయన. ఫెస్టస్ వెళ్లలేదు. ఆ తొక్కిసలాటలో నిలబడితే ఏమొస్తుంది? మహారాణుల బొమ్మలు ఎలా చెక్కుతారో అతనికి తెలుసు. చక్రవర్తి బొమ్మ ఎదురుగా పెట్టుకోవాలి. అదే ముక్కు, అదే చుబుకం దించి, పైన ఆడవాళ్ల జుట్టు చెక్కాలి. టంకశాలలో ఎప్పటినుంచో అంతే. చక్రవర్తిగారికి కోపం రాదు, చెక్కినవాడి తల భద్రంగా ఉంటుంది.

జడలు మాత్రం ప్రాణం పెట్టి చెక్కాడు.

అచ్చు తెచ్చి గురువు ముందు పెట్టాడు. తోటివాళ్లు చుట్టూ మూగారు. శిష్యుడు మించిపోయాడు, ముసలాయన ఇక బల్ల ఖాళీ చెయ్యాల్సిందేనని ఒకడు వేళాకోళమాడాడు.

డామాస్ మెత్తటి మైనం ముద్ద తీసుకుని అచ్చు మీద అదిమాడు. మహారాణి బొమ్మ తేలింది. వెలుతురుకి తిప్పి చూశాడు.

"జుట్టు నీలాగా ఈ ఊళ్లో ఎవడూ చెక్కలేడురా."

ఫెస్టస్ ముఖం వెలిగింది.

డామాస్ బొటనవేలు పెట్టి ఆ జడలన్నీ అణిచేశాడు. ముఖాన్ని తాకలేదు. మైనాన్ని శిష్యుడి అరచేతిలో పెట్టాడు.

"ఎవరిది?"

ఫెస్టస్ చూశాడు. వేళాకోళమాడినవాడు కూడా తొంగిచూసి తన బల్ల దగ్గరికి జారుకున్నాడు.

"చక్రవర్తిగారిది, గురువుగారూ."

"మరి చచ్చిపోయిందెవరు?"

ఫెస్టస్ అచ్చు తీసి తన బల్ల మీదికి చేర్చాడు. ఉలి పట్టుకున్నాడు, మళ్లీ కింద పెట్టాడు.

"చితి ఆరిపోయింది, గురువుగారూ. ఇప్పుడు ఎవర్ని చూసి చెక్కను?"

డామాస్ వేలికి అంటిన మైనం గీకుతూ అన్నాడు:

"ఆమెకి రోజూ తల దువ్విన దాసి ఉంటుంది. వెళ్లి అడుగు. జుట్టు సంగతి మాత్రం అడక్కు."