పొయ్యి వెలగని రాజ్యం

మీ తాతకు తాత కూడా పుట్టని రోజుల్లో గాలిపురమని ఒక రాజ్యం ఉండేది. దాని రాజు పేరు ఉదారసేనుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు, పళ్ళన్నీ ఊడిపోయిన ముసలి తల్లి ఒకావిడ.

ఆ రాజ్యంలో ఒక పద్ధతి ఉంది. రాజు ఏ ఆజ్ఞ వేసినా కోట ముందున్న పెద్ద భేరి మోగించి చాటాలి. భేరి మోగితేనే అది రాజాజ్ఞ. దాన్ని ఎత్తివేయాలన్నా ఆ భేరే మోగాలి. పూర్వం ఎవరో దొంగలు రాజు పేరు చెప్పి ఊళ్ళు దోచుకున్నారట, అందుకని పెట్టుకున్న పద్ధతి. పెట్టిన రోజున మంచి పద్ధతే.

ఒక ఫాల్గుణ మాసంలో ఈదురుగాలికి ఎవరింటి పొయ్యిలోంచో నిప్పురవ్వ లేచింది. ముప్ఫై తాటాకు ఇళ్ళు బూడిదయ్యాయి. రాజు మంచివాడే గానీ తొందర మనిషి. ఎవర్నీ ఏమీ అడక్కుండా ఆ సాయంత్రమే భేరి మోగించి, "మళ్ళీ భేరి మోగేదాకా ఎవ్వరూ పొయ్యి వెలిగించకూడదు" అని చాటించాడు. గాలి తగ్గాక ఎత్తేద్దాంలే అనుకున్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆకాశంలోంచి గుడిసెంత గద్ద ఒకటి దిగి, ఆ భేరిని తన్నుకుపోయింది. అది గద్ద కాదు. ఏడు సముద్రాల అవతల దీవిలో ఉండే కరాళదంతుడనే మాంత్రికుడు.

ఇంకేముంది! గాలి తగ్గింది, పొయ్యి మాత్రం వెలగలేదు. రాజు తానే వీధివీధీ తిరిగి, "నేను చెబుతున్నాను, వెలిగించుకోండి" అన్నాడు.

ఒక ముసలి రైతు దండం పెట్టి, "తమరు రాజుగారే, కాదనను. కానీ భేరి మోగలేదు కదా దొరా? రేపు ఇంకెవడో కిరీటం పెట్టుకొస్తే వాడి మాటా వినమంటారా?" అన్నాడు.

రాజు వెనక్కి తిరిగి కోటకు పోయాడు.

జనం నానబెట్టిన బియ్యం తిన్నారు, నానబెట్టిన పెసలు తిన్నారు, విసుగెత్తి పచ్చి వంకాయలు కూడా తిన్నారు. కుమ్మరి ఆవం చల్లారింది, కమ్మరి కొలిమి చల్లారింది. రాజమాత పళ్ళు లేని మనిషి, చల్లటి పాలతోనే గడుపుతోంది. దాసీలు చాటుగా కాస్త గంజి కాచి తెస్తామంటే ఒప్పుకోలేదు. "నా కొడుకు ఆజ్ఞ నేనే మీరితే ఇంకెవరు పాటిస్తారే?" అంది. వైద్యుడు నాడి చూసి, "వేడి గంజి పడకపోతే ఈవిడ వానాకాలం దాటదు" అన్నాడు.

పెద్ద కొడుకు నూరు ఓడల్లో సైన్యంతో బయల్దేరాడు. దీవి ఒడ్డున మాంత్రికుడు పెద్ద పెద్ద గుండిగల్లో పొగలు కక్కే అన్నం పెట్టించాడు. ఒక్క ముద్ద తిన్నవాడు ఇక ఆ దీవి దాటలేడు. మాంత్రికుడి కోటకు రాళ్ళు మోసేవాళ్ళు కావాలి, అందుకే ఈ ఎత్తు. అంతకుముందే ఆకలికి తాళలేక గాలిపురం విడిచి ఓడలెక్కి వలసపోయిన వాళ్ళు తిన్నారు. రాకుమారుడూ అతని సైన్యమూ కూడా తిన్నారు.

రెండో కొడుకు ఇంటిపట్టునే ఉండి కొత్త భేరి చేయించాడు. దాన్ని మోగిస్తే జనం చెవి ఒగ్గి విని, "ఇది ఆ చప్పుడు కాదు బాబూ" అని తలుపులు వేసుకున్నారు.

ఇక మూడోవాడు మణిదత్తుడు. నాయనమ్మ చేతుల మీద పెరిగినవాడు. ఆవిడ కాళ్ళకు మొక్కి సముద్రం ఒడ్డుకు వెళ్ళాడు. అక్కడ వలలో చిక్కుకున్న పెద్ద తాబేలును విడిపించాడు.

"ఎక్కడికి నాయనా?" అని అడిగింది తాబేలు.

"ఏడు సముద్రాల అవతలికి."

"అయితే ఎక్కు. నాకూ అక్కడ చుట్టాలున్నారు."

ఒక సముద్రం దాటారు. రెండు దాటారు. మూడు దాటారు. మిగిలినవి మీరు లెక్కపెట్టుకోండి, ఏడూ దాటారు.

ఒడ్డున అన్నం వాసన గుప్పుమంది. ఆకలి మీదున్న మణిదత్తుడు చెయ్యి చాపాడు. గుండిగ కలుపుతున్న పిల్ల, "తినకండి!" అని గరిటెతో ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. ఆమె గాలిపురం కుమ్మరి కూతురు, పేరు చినగౌరి. అతను ఎవరో, ఎందుకొచ్చాడో విని గబగబా చెప్పింది.

"భేరి తోటలో ఉంది. దాని పైన పంజరంలో చిలుక. మాంత్రికుడి ప్రాణం ఆ చిలుకలో ఉంది. తోటకు మూడు గుమ్మాలు, మూడు భూతాలు. వాటికి చెప్పింది చేయడమే తెలుసు, ఎందుకో తెలీదు. వెళ్ళి అడగండి, దాచుకోవు."

మొదటి భూతం, "నడిచి వచ్చేవాణ్ణి ఆపమన్నారు" అంది.

"ఎందుకు?"

"ఎప్పుడో ఒక దొంగ నడిచి వచ్చాడట."

మణిదత్తుడు వెనక్కి పోయి తాబేలు నెక్కి వచ్చాడు. భూతం తల గోక్కుని, "నువ్వు నడవడం లేదు. పో" అంది.

రెండో భూతం, "కత్తి ఉన్నవాణ్ణి ఆపమన్నారు" అంది. అంతకుముందు ఎవడో కత్తితో వచ్చాడట. మణిదత్తుడు కత్తి తీసి దాని చేతికే ఇచ్చాడు.

మూడో భూతం అతని కళ్ళలోకి చూసి, "చంపడానికి వచ్చినవాణ్ణి ఆపమన్నారు. అబద్ధమాడితే నాకు తెలిసిపోతుంది" అంది.

"నాకు చంపే పని లేదు. మా భేరి మాకు కావాలి, మా మనుషులు మాకు కావాలి" అన్నాడు మణిదత్తుడు. అది నిజమే. భూతం పక్కకు తప్పుకుంది.

లోపల చిలుక, "నూరేళ్ళుగా ఇందులోనే ఉన్నాను. మెడ విరుస్తావా, తలుపు తీస్తావా?" అంది.

మణిదత్తుడు తలుపు తీశాడు. చిలుక రివ్వున ఎగిరిపోయింది. కరాళదంతుడు గుండె బాదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో, డేగ ఎత్తుకుపోతుందే! దిగవే తల్లీ, జామపండు పెడతాను!" అని ఆకాశం వంక చూస్తూ దాని వెనకే పరుగు తీశాడు. ఇప్పటికీ ఎక్కడో పరుగెత్తుతూనే ఉన్నాడట. అతను దీవి దాటగానే అన్నం మంత్రం వదిలింది. జనమంతా భేరి తీసుకుని పెద్ద రాకుమారుడి ఓడలెక్కారు.

దారిలో చినగౌరి అడిగింది. "భేరి దొరికింది సరే. మోగించి ఏమని చాటిస్తారు?"

"పొయ్యిలు వెలిగించుకోమని."

"వచ్చే ఫాల్గుణంలో మళ్ళీ ఇళ్ళు అంటుకుంటే? మళ్ళీ ఆర్పేయమంటారా? ఈదురుగాలి రోజుల్లో మా అమ్మ పొయ్యి చుట్టూ మట్టిగోడ పెట్టి, గాలి లేవకముందే వంట ముగించేది. మా వీధిలో ఒక్క ఇల్లూ కాలలేదు. ఎవరైనా అడిగితే చెప్పేవాళ్ళం. ఎవరూ అడగలేదు."

మణిదత్తుడికి సిగ్గేసింది. ఇల్లు చేరగానే ఆ మాట ఉన్నదున్నట్టు తండ్రికి చెప్పాడు.

రాజు కోట ముందుకు వచ్చి, చాటింపువాడి చేతిలో కర్ర తీసుకుని, తానే భేరి మోగించాడు.

"ఆ ఆజ్ఞ నాది, తప్పూ నాదే. పొయ్యిలు వెలిగించుకోండి. పొయ్యి చుట్టూ మట్టిగోడ కట్టుకోండి, ఎలా కట్టాలో కుమ్మరివాళ్ళు చూపిస్తారు. ఇకమీదట ఎవరి ఇంట్లో పనికి ఆజ్ఞ వేస్తామో ముందు వాళ్ళను అడుగుతాం. ఎందుకు వేశామో, ఎన్నాళ్ళు ఉంటుందో కూడా చాటుతాం. ఆ గడువు తీరాక భేరి మోగినా మోగకపోయినా అది చెల్లదు."

రాజు తప్పు నాదనడం ఆ జనం ఎన్నడూ వినలేదు. ఎవరూ కదల్లేదు. అంతలో ఏదో ఇంటి కప్పు మీంచి సన్నగా పొగ లేచింది. ఇంకో ఇంటి మీద లేచింది. కాసేపటికి ఊరంతా పొగే.

ఆ ఏడే మణిదత్తుడికీ చినగౌరికీ పెళ్ళయింది. అన్నలిద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాక తండ్రి తర్వాత మణిదత్తుడే రాజయ్యాడు. చినగౌరిని పక్కన కూర్చోబెట్టుకుని, అడిగి ఆజ్ఞలు వేస్తూ అరవై ఏళ్ళు చల్లగా ఏలాడు.

అదంతా తర్వాతి మాట. భేరి మోగిన ఆ రోజు రాజు వంటింట్లోకి వెళ్ళి, తన చేత్తో గంజి కాచి, తల్లి మంచం దగ్గర కూర్చున్నాడు. రాజమాతకు కళ్ళు తెరిచే ఓపిక కూడా లేదు. ఊదుతూ ఊదుతూ ఒక గరిటె పోశాడు. గుటక పడింది. ఇంకో గరిటె పోశాడు. ఆవిడ మెల్లగా కళ్ళు తెరిచి, "ఉప్పు వేయలేదురా" అంది.

రాజు తల్లి ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మణిదత్తుడు ఉప్పు తేవడానికి పరుగెత్తాడు.

కథ గాలిపురంలోనే ఉండిపోయింది. మన అన్నం చల్లారిపోతోంది, లేవండి.