బెనీతా రాయించిన ఉత్తరాలు

రండమ్మా, రండి. చాప మీద ఇంకా చోటుంది, దగ్గరికి జరగండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గోడకి ఆనుకోండి. పిల్లల్ని ముందుకి పంపండి, వాళ్ళు నవ్వితేనే నాకు కథ సాగేది. రేపు మాత పండుగ. కొవ్వొత్తులు ఎటూ రేపు వెలిగిస్తాం. ఇవాళ ఒక మనిషిని తలుచుకుందాం.

ఆవిడ పునీతురాలేం కాదు. ఆవిడ స్వరూపం ఏ గుడిలోనూ లేదు. సంతకం పెట్టడం కూడా రాదు ఆవిడకి. పొగాకు ఆకుల్లో ఈనెలు తీసి బతికిన మనిషి. అయినా ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందో లెక్క తెలియనంత కాలం తర్వాత కూడా, ఆవిడ పేరు చెప్పుకుని జనం నవ్వుతున్నారంటే, వినాలా వద్దా?

వినాలి. వినండి మరి.

అనగనగా ఒక సముద్రం. సముద్రంలో ఒక ద్వీపం. దాని పేరు క్యూబా. చెరకున్న చోట చెరకు, చెరకు లేని చోట పొగాకు. మన చేలల్లో తిరిగినవాళ్ళకి ఆ నేల కొత్తగా ఏమీ ఉండదు. ఆకు అదే, జిగురు అదే, పొద్దుగూకేసరికి చేతులకి పట్టే నలుపూ అదే. వాళ్ళ మాత పండుగ కూడా మన మాత పండుగ రోజే. దేవుడు సముద్రాలు పెట్టాడు గానీ క్యాలెండరు ఒకటే ఇచ్చాడు.

ఆ ద్వీపంలో బెనీతా. చెరకు గడలా సన్నగా ఉండేది. జడ నడుము దాటి ఉండేది. మొగుడు మంచివాడు. చంకలో ఎనిమిది నెలల కూతురు, పేరు ఇనేస్. ఇంట్లో అమ్మ.

ఆ నేలని ఎక్కడో దూరదేశపు రాజు ఏలేవాడు. మా నేల మాది అని జనం లేచారు. బెనీతా మొగుడూ లేచాడు. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఆ తర్వాత సిపాయిలు అతని పెళ్ళాం ఎక్కడని ఇల్లిల్లూ వెతకడం మొదలెట్టారు. ఇక ఉంటే ప్రాణం దక్కదు. తెల్లవారుజామున పడవ దగ్గరికి వెళ్ళారు ముగ్గురూ. చూస్తే పాపకి ఒళ్ళు కాలిపోతోంది.

పడవవాడు అడ్డం నిలబడ్డాడు. "జ్వరం పిల్లని ఎక్కించను తల్లీ. అవతలి గట్టు చేరేలోపు పోతుంది. ఆ పాపం నాకొద్దు."

"అయితే నేనూ వెళ్ళను" అని బెనీతా పడవ దిగేసింది. అమ్మ ఎక్కించింది. మళ్ళీ దిగింది. మళ్ళీ ఎక్కించింది. మూడోసారి దిగబోతే అమ్మ భుజాలు పట్టుకుని కుదిపింది.

"ఇక్కడుంటే నువ్వు చస్తావు, పిల్లకి తల్లుండదు. అక్కడుంటే ఎప్పటికైనా తల్లి ఉంటుంది. నేను పెంచుతాను, నేను పంపిస్తాను. వెళ్ళవే!"

వెళ్ళింది. అవతలి గట్టున చిన్న రేవు ఊరు. అప్పటికే అక్కడ క్యూబా నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి తెలిసింది ఒకటే పని, చుట్టలు చుట్టడం. ఊరి మధ్యన పెద్ద చుట్టల కార్ఖానా. అందులో అరవైమంది. మగవాళ్ళు వంకర కత్తులతో ఆకు కోసి చుట్టేవాళ్ళు, ఆడవాళ్ళు ఆకు మధ్య ఈనె లాగేవాళ్ళు. ఏమే శాంతమ్మా, నవ్వుతున్నావు? నీ పనే కదూ? అవును, నువ్వు ఆ దేశంలో పుట్టుంటే బెనీతా పక్కనే కూర్చునేదానివి.

ఆ కార్ఖానాలో ఒక వింత ఆచారం ఉండేది. గది మధ్యలో ఎత్తుగా ఒక పీట. దాని మీద చదివేవాడు. చుట్టలు చుట్టే పని లేదు అతనికి, చదవడమే పని. పొద్దున వార్తలు, మధ్యాహ్నం కథలు. చేతులు ఆకు మీద, చెవులు పీట మీద. బాగుంటే అందరూ కత్తులు తిప్పి బల్లకేసి టకటకా కొట్టేవాళ్ళు, అదే చప్పట్లు. ఆ చదివే పెద్దాయన పేరు ఆంసెల్మో. కళ్ళద్దాల కాడ విరిగితే దారం కట్టుకుని తిరిగేవాడు.

ఆదివారం పూజ అవగానే బెనీతా ఆయన గుమ్మం మీద కూర్చునేది. ఆమె చెప్పేది, ఆయన రాసేవాడు. 

"ఏం రాయమంటావమ్మా?"

"నేను బాగున్నానని రాయండి అయ్యగారూ."

"రాశాను. ఇంకా?"

"ఇంకొకరున్నారు, రాయండి. మా బల్ల దగ్గర పౌలా అనే చిన్నపిల్ల ఉంది. దానికి అమ్మా నాన్నా లేరు. పాట తప్పు పాడుతుంది గానీ గట్టిగా పాడుతుంది. పౌలా పిన్ని కోసం ఇనేస్‌ని ఒళ్ళో పెట్టుకుని అమ్మని మాతకి ఒక మంగళవార్త జపం చెప్పమనండి."

"రాశాను. ఇంకా?"

"ఇంకొకరున్నారు, రాయండి..."

అలా కాగితం నిండిపోయేది. ఒకరి నత్తి, ఒకరి కుంటి కాలు, ఒకరు పాయసంలో పంచదార మర్చిపోవడం. ఆంసెల్మో కలం పక్కన పెట్టేవాడు.

"ఇదేం ఉత్తరమమ్మా, ఊరి జనాభా లెక్కలా ఉంది! నీ గురించి ఒక ముక్క రాయొద్దూ?"

"బాగున్నానని ముందే రాయించానుగా! నా గురించి ఇంకేముంది? రేపు నాకేమైనా అయితే నా కూతురు ఈ గట్టు మీద ఏకాకి కాకూడదు అయ్యగారూ. అరవైమంది చుట్టాలుండాలి. ఇంకొకరున్నారు, అంచున రాయండి. సిల్వేరియో బాబాయి."

ఆంసెల్మో కలం ఆగింది. సిల్వేరియో అంటే గది చివరి బల్ల దగ్గర ఒంటరిగా కూర్చునే ముసలాయన. ఎవరితోనూ మాట్లాడడు. ఎవరైనా పలకరిస్తే కత్తి చూపిస్తాడు.

"ఆయన పేరు రాస్తే ఊరుకుంటాడా?"

"ఆయన్ని అడిగితే కదా ఊరుకోకపోవడానికి! రాయండి."

కొన్నాళ్ళకి జవాబొచ్చింది. అది కూడా పీట మీద నుంచే చదవమంది బెనీతా, ఉత్తరం రాని వాళ్ళు అంతమంది ఉండగా తానొక్కతే వినడమేమిటని. పాపకి జ్వరం తగ్గింది, లేచి కూర్చుంటోంది. ఆ సాయంత్రం పని అవగానే బెనీతా పరుగున గుడికి వెళ్ళి జడ కోసి మాత పాదాల దగ్గర పెట్టేసింది. మనం తలనీలాలు ఇస్తామే, అలాగే. "నా కూతురు నా కళ్ళబడేదాకా మళ్ళీ జడ పెంచను తల్లీ" అని మొక్కుకుంది. ఇది మాత్రం ఎవరికీ రాయించలేదు. మొక్కు గురించి చాటుకోకూడదంది.

అదే ఉత్తరం చివర అమ్మ అందరికీ పేరుపేరునా దండాలు పెట్టింది. "సిల్వేరియో గారి పేరున రోజూ ఒక మంగళవార్త జపం చెప్తున్నాం" అని చదివాడు ఆంసెల్మో. 

సిల్వేరియో లేచి నిలబడ్డాడు. "నా పేరు ఎవరు రాయమన్నారు? నాకెవరూ లేరు. నాకెవరూ అక్కర్లేదు!"

"జపం వెనక్కి తీసుకోవడం కుదరదు బాబాయ్" అంది బెనీతా, చేతిలో ఆకు దించకుండానే. "అది పైకి వెళ్ళిపోయింది."

గదిలో కత్తులన్నీ బల్లల మీద మోగాయి.

మరో ఉత్తరం వచ్చింది. అందులోనూ ఆయన పేరుంది. ఆయన తిట్టలేదు. కత్తి మాత్రం ఒక్క క్షణం ఆగింది.

ఏళ్ళు గడిచాయి. ఇంకో ఉత్తరం వచ్చింది. ఈసారి వంకర టింకర అక్షరాలు, ఇనేస్ సొంత చేతిరాత. అందరి పేర్లూ అయ్యాయి. ఆంసెల్మో కాగితం మడవబోతుంటే గది చివరి నుంచి ఒక గొంతు.

"అయ్యా... అందులో ఇంకేమైనా మిగిలిందా?"

ఆంసెల్మో కావాలనే కళ్ళద్దాలు తుడిచాడు, దారం సరిచేశాడు, కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఆ, వెనకాల ఏదో ఉందండోయ్. 'సిల్వేరియో తాతా, నీ దగ్గు తగ్గిందా?' అట."

ముసలాయనకి దగ్గు లేకపోయినా ఆ పూటంతా దగ్గుతూనే ఉన్నాడు.

తొమ్మిదేళ్ళయింది. యుద్ధం చల్లబడింది. అమ్మ కబురు పంపింది. "నా కాళ్ళకి ఈ మట్టే అలవాటు, నేను రాను. పిల్లని పొరుగువాళ్ళతో పంపుతున్నాను. మాత పండుగకి ముందు రోజు పడవ."

అందరికీ సంబరం. బెనీతాకి మాత్రం అన్నం సయించలేదు. పిల్ల కోసం తెల్ల గౌను కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టింది. 

"ఏమైందక్కా?" అని పౌలా అడిగింది.

"దానికి నా మొహమే తెలీదే. నేను దాన్ని ఎనిమిది నెలలు ఎత్తుకున్నాను, అంతే. నన్ను చూసి అమ్మా అంటుందంటావా?"

పడవ రోజు కార్ఖానా సగం రోజు మూతపడింది. యజమాని అరిచాడు గానీ వినేవాడెవడు? అరవైమందీ రేవు మీదే. అందరికంటే ముందు నిలబడాల్సిన బెనీతా అందరికంటే వెనక నిలబడింది.

పిల్ల దిగింది. చేతిలో చిన్న మూట. చూసింది, కళ్ళు విప్పార్చింది, మొదలెట్టింది!

"నువ్వు ఆంసెల్మో తాతవి, కళ్ళద్దాలకి దారం! నువ్వు పంచదార మర్చిపోయే అత్తవి కదూ, ఎప్పుడూ నాలుక కరుచుకుంటావట! మామయ్యా, నీ కుంటి కాలికి మా అమ్మమ్మ నూనె పంపింది!"

జనం నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు, ఒకళ్ళ చేతుల్లోంచి ఒకళ్ళు లాక్కుంటున్నారు. ఇంతలో పిల్ల ఆగింది. ఎదురుగా సన్నటి మనిషి, నడుము దాటిన జడ. పరుగెత్తుకెళ్ళి నడుం చుట్టేసింది.

"అమ్మా!"

అది పౌలా.

వెనక బెనీతా పమిటలాంటి శాలువా నోట్లో కుక్కుకుంది. తొమ్మిదేళ్ళలో ఒళ్ళొచ్చింది, తల నెరిసింది, జుట్టు చెవుల దగ్గరే ఆగిపోయింది. అమ్మమ్మ పిల్లకి చెప్పింది పాత బెనీతా గురించి. కొత్త బెనీతా గురించి రాసినవాళ్ళెవరు? ఎవరూ లేరు. అందరి గుర్తులూ రాయించిన మనిషి తన గుర్తు ఒక్కటీ రాయించలేదు. 

పౌలా వంగి పిల్ల మొహం పట్టుకుంది. "నేను కాదే తల్లీ. నేను పౌలా పిన్నిని."

"మరి మా అమ్మ ఏది? రాలేదా?" పిల్ల మూటని గట్టిగా హత్తుకుంది. 

బెనీతా ఇంకో అడుగు వెనక్కి వేసింది. అప్పుడు సిల్వేరియో ముందుకొచ్చాడు. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నేనెవరో చెప్పు చూద్దాం."

"సిల్వేరియో తాతవి. మొహం చిటపటలాడుతుంది. కానీ ఎవరూ చూడకుండా గోడ వెనక పిల్లులకి చేప ముక్కలు పెడతావట."

జనం అంతా ఆయన వైపు తిరిగారు. ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరూ చూడలేదనుకున్నాను" అన్నాడు. "ఒక్క మనిషి చూసింది. చూసి నవ్వలేదు, ఊళ్ళో చెప్పలేదు, నీకు మాత్రం చెప్పింది. నాకు ఒక్క మనవరాలైనా ఉండాలని. ఆ మనిషే మీ అమ్మ. వద్దంటే వినదు. గట్టిగా నవ్వుతుంది. నువ్వు బతకాలని తన జడ కోసి మాతకిచ్చేసింది, ఆ రోజు గుడిలో వెనక బెంచీ మీద నేనూ ఉన్నాలే. ఇప్పుడు చూడు. ఇక్కడ అందరూ నీకు కనబడాలని ముందుకొచ్చారు. ఒక్కరే వెనక నిలబడ్డారు. ఎవరది?"

పిల్ల చూసింది. జనం రెండు పాయలుగా విడిపోయారు. చివర లావుపాటి మనిషి, పొగాకు మరకల చేతులు, తడిసిన శాలువా.

"అమ్మా? ఉత్తరాల్లో నువ్వెందుకు లేవే?"

"నాకు తట్టలేదే తల్లీ!" అంది బెనీతా. అని నవ్వింది. ఆ నవ్వు రేవు ఆ చివరికి వినబడింది. పిల్ల ఇక ఎవర్నీ అడగలేదు. ఒక్క గెంతులో ఆ నవ్వు మీద పడింది.

మర్నాడు పండుగ పూజ అయ్యాక అమ్మమ్మకి ఉత్తరం రాశారు. బెనీతాని నోరెత్తనివ్వలేదు. ఒక్కొక్కరూ వచ్చి బెనీతా గురించి కాగితంలో ఒక్కో వరస రాయించారు. "ఇప్పుడు మీ అమ్మాయి బొద్దుగా బాగుంది" అన్నారొకరు. "జ్వరం వచ్చినా చెప్పదు, మేమే పట్టుకున్నాం" అన్నారొకరు. అందరికంటే పెద్ద వరస సిల్వేరియోది. కాగితం చాల్లేదు.

బెనీతా చాలా కాలం బతికింది. ఆ పండుగ నుంచే మళ్ళీ జడ పెంచడం మొదలెట్టింది, తెల్లటి జడ. ఇనేస్ పెళ్ళి చూసింది, మనవల్ని ఎత్తుకుంది. ఒకరోజు పొద్దున్నే పూజకి వెళ్ళి, జపమాల చేతిలో పట్టుకునే, దేవుడి దగ్గరికి వెళ్ళిపోయింది. సమాధి దగ్గర ఊరంతా నిలబడి ఒక్కొక్కరూ ఒక్కో వరస చెప్పారు. ఏడుద్దామని వచ్చినవాళ్ళు మూడో మనిషి చెప్పేసరికి నవ్వడం మొదలెట్టారు. పూజ చెప్పే స్వాములవారు కూడా.

ఇప్పటికీ ఆ ఊళ్ళో, ఆ ఊరి పిల్లలు స్థిరపడిన ప్రతి చోటా, దూరానున్న ఇంటికి ఉత్తరం రాస్తే రాసినవాళ్ళే అంటించకూడదు. పక్కవాళ్ళ చేతికివ్వాలి. రాసిన మనిషి ఎలా ఉందో పక్కవాళ్ళు చివర ఒక్క వరస రాయాలి. దాన్ని బెనీతా వరస అంటారు. ఇప్పుడు ఫోన్లు కదా, ఫోన్లోనూ అంతే. తల్లి "బాగానే ఉన్నా" అని చెప్పి పెట్టేయబోతుంటే మనవడు లాక్కుని, "అమ్మమ్మా, బెనీతా వరస! అమ్మ కాలు బెణికింది, నీకు చెప్పట్లేదు!" అంటాడు. అటు అమ్మమ్మ తిట్లు, ఇటు అమ్మ తిట్లు, మధ్యలో నవ్వులు.

అదమ్మా కథ. ఇందులో ఒక్క పని గుర్తు పెట్టుకోండి. జడ కోయమని చెప్పను, సముద్రం దాటమని చెప్పను. ఆవిడ చివరి బల్ల దగ్గరి మనిషి పేరు తీసుకెళ్ళి తన ఇంటి జపంలో పెట్టింది, ఆయన్ని అడక్కుండా. అదొక్కటి చెయ్యండి. మీ వాళ్ళందరి పేర్లూ అయ్యాక, ఎవరూ తలుచుకోని ఒక్క మనిషి పేరు. మీ బజారులోనే ఉంటారు. ఎవరో ఇప్పుడే మనసులో అనుకోండి.

అనుకున్నారా? శాంతమ్మా, నువ్వూ?

అయితే జపమాలలు తీయండి. మొదటి మంగళవార్త జపం వాళ్ళకి.