వెలుతురుకి బెజ్జాలు పెట్టిన పెంచలయ్య

గాజు సానబట్టి లెన్సులు చేసే పెంచలయ్య ఇంట్లో ముగ్గురు. తను, తమ్ముడు చెంచయ్య, చెల్లెలు కోటమ్మ. ఊళ్ళో తెలివంతా తమ గడప దాటి బయటికి పోలేదని ముగ్గురికీ గట్టి నమ్మకం. పోతుందేమోనని పగలు కూడా తలుపేసుకునేవాళ్ళు.

ఒకరోజు చెరువు ఒడ్డున పక్షుల కేంద్రం చూసుకునే వనజ మేడం వచ్చింది. కొంగలు దిగేలోపు మంచె మీదికి దుర్భిణి కావాలంది. ఆలోపు కాకపోతే పని మద్రాసు వాళ్ళకి పోతుంది, తాతల నాటి సానచక్రం ఇక ఆగినట్టే. అంత తొందరగా కాదన్నాడు పెంచలయ్య. వాళ్ళ తాత ఒక్కో వెలుతురు గీతా గాజులో ఎటు వంగుతుందో కాగితం మీద లెక్కలేస్తూ ఒక్క లెన్సుకే ఏడాది కూర్చునేవాడు మరి.

మేడం నవ్వి ఒక కంప్యూటర్ ఇచ్చింది. ఆ లెక్కలు ఇది టీ చల్లారేలోపు చేస్తుందనీ, వేల రకాలు వేసి చూసుకుని బాగాలేనివి తనే తీసేస్తుందనీ, తెర మీద ఉన్నది ఉన్నట్టు చేయమనీ చెప్పి వెళ్ళింది.

అంతే. తెర మీద లెన్సు రూపం కనపడగానే చెంచయ్య గాజుబిళ్ళ సానకి పెట్టాడు. మూడు తిప్పులు తిప్పేసరికి రూపం మారింది. అది పారేసి ఇంకోటి. అదీ మారింది. కంప్యూటర్ వద్దనుకున్న ప్రతిదీ వీళ్ళు చేశారు. సాయంత్రానికి ఇంట్లో మోకాలి లోతు గాజు.

పాపం అది అలిసిపోయిందేమో, కాసేపు పడుకోనిస్తే మనం అందుకోవచ్చంది కోటమ్మ. దానికి దుప్పటి కప్పారు. తీసి చూస్తే రూపం కదలకుండా ఉంది. నిద్రపోతే ఎవరికైనా బుద్ధి కుదురుతుందన్నాడు పెంచలయ్య.

తెర మీద ఆ లెన్సులోంచి ఎర్రవి, పచ్చవి, నీలివి గీతలు దూరి అవతల ఒక్క చుక్క దగ్గర కలుస్తున్నాయి. తమ చేతిలో గాజేమో గట్టిది, సందే లేదు. ఇంకేముంది, డ్రిల్లు తెచ్చి ఇరవై ఒక్క బెజ్జాలు పెట్టారు. కోటమ్మ మూడు రంగుల ఊలు దారాలు దూర్చి చివర ముడేసింది.

మేడం వచ్చి ఆ ముడి చేతిలోకి తీసుకుని చూసింది.

"పెంచలయ్యా, అవి వెలుతురు గీతలు. వెలుతురుకి బెజ్జం అక్కర్లేదు."

"అదెట్ట మేడం? కిటికీ లేకపోతే మా గోడలోంచి రాదే."

ఇక లాభం లేదని ఆమే పక్కన కూర్చుని, బెజ్జాల్లేకుండా రెండు లెన్సులు చేయించింది. కొంగలు రేపు దిగుతాయనగా దుర్భిణి మంచె ఎక్కింది. పెంచలయ్య కన్ను పెట్టాడు. గట్టు మీది కాకి ఈక ఈకా కనపడింది, కాకపోతే కాళ్ళు పైకి, తల కిందికి. మధ్యలో ఇంకో లెన్సు వేస్తే సరి, ఎక్కడ వేయాలో కంప్యూటర్ క్షణంలో చెప్తుందని మేడం చెప్పింది. జనం వచ్చేసరికి మాత్రం కొంగలు నిటారుగా కనపడాలని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

పొద్దున ఆమె మంచె ఎక్కేసరికి దుర్భిణి ఎలా ఉన్నది అలాగే ఉంది. మంచె కప్పుకి మాత్రం ఒక కుర్చీ బోర్లా బిగించి ఉంది. అందులో నడుముకి బెల్టేసుకుని, మొహం కందగడ్డలా ఎర్రబడి పెంచలయ్య వేలాడుతున్నాడు.

"ఇక మద్రాసు మాటెత్తకండి మేడం. కొంగలు చక్కగా నిలబడ్డాయి," అన్నాడు కన్ను తీయకుండానే. తర్వాత ఆమె వైపు తిరిగి జాలిగా చూశాడు. "తలకిందులుగా ఉన్నది మీరొక్కరే."