మొక్కు పుచ్చుకోని పోలమ్మ

1922లో నీరు పోగొట్టుకున్నవారు గెడ్డవలస రైతులు, అరవై రెండు గడపలవారు. వారి తరఫున మొదట నోరు విప్పినది అమ్మవారికి పసుపు పూసే వంతల సోములమ్మ. ఈ అమ్మవారి గురించి ఇంతకు ముందు అచ్చయిన పుస్తకంలో ఆ నీరు మళ్లించుకున్న దొర పేరు పదకొండుసార్లు ఉన్నది, ఈమె పేరు ఒక్కసారి కూడా లేదు. అందుకే మళ్లీ రాయవలసి వచ్చింది.

నేడు పోలమ్మ తల్లి కొండ మొదట్లో, కాలువ ఒడ్డున, చేటంత రాయిగా దర్శనమిస్తున్నది. ఇక్కడ "ఫలానాది జరిగితే ఫలానాది ఇస్తాను" అని మొక్కకూడదు. మొక్కినవారిని పూజారిణి మర్యాదగానే బయటకు పంపుతుంది.

పూర్వం ఇక్కడ కొండమీది ఊటే పొలాలకు ఆధారం. ఇంగ్లండులో పుట్టి, పంతొమ్మిదో ఏట ఈ తీరాన ఓడ దిగిన విట్లాక్ దొర కొండపైన కాఫీ తోట వేశాడు. పండ్లు కడగడానికని ఊట చుట్టూ గోడ కట్టి, నీటిని తన తొట్లకు మళ్లించుకున్నాడు. కింద వరి ఎండిపోయింది. రెండేళ్లకు దొర మనసు జిల్లా బోర్డు మీదికి పోయింది. వోట్లేమో కింది రైతులవి. టోపీ తీసి అమ్మవారి ఎదుట నిలబడి, "నేను గెలిస్తే గోడ తీసేస్తాను, ఊట రైతులదే" అని మొక్కాడు.

సోములమ్మ పసుపు చెయ్యి తుడుచుకుంటూ అడిగింది. "గోడ కట్టినప్పుడు ఎవుల వోటూ అడగనేదు గదా దొరా. తియ్యడానికెందుకేటి?"

"అన్నీ చట్టప్రకారం జరగాలి, అమ్మా."

"మరి మా వరి ఏ చట్టప్రకారం ఎండింది బాబూ?"

జనం నవ్వారు. నవ్వి, వోటు అతనికే వేశారు. గొంతు ఎండినవాడి ఆశ అటువంటిది.

దొర గెలిచాడు, గోడ కదలలేదు. కాని బోర్డు సభలో లేచిన మొదటి రోజునే అతని గొంతు మూగబోయింది. తోటలో కూలీలను అదిలించే గొంతు సభలో మాత్రం పెగలలేదు. మద్రాసు వైద్యులు కూడా లోపమేమీ లేదన్నారు. మూడేళ్లు గడిచాయి. ఇరవై గడపలవారు రంగూను ఓడ ఎక్కారు. సోములమ్మ కూతురూ మూట కట్టింది. "ఈ వేసవికి నీరు రాకపోతే నానూ ఎలిపోతాను తల్లీ. నీకు పసుపు పూసేవోలుండరు," అని సోములమ్మ అమ్మవారికే చెప్పేసింది.

ఆ మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీస్తున్న దొర గొంతుమీద పసుపు పూసిన చెయ్యి ఒకటి పడింది. "ఇస్తానన్న నోరు నాకెందుకు? ఇచ్చిన చెయ్యి చూపించు," అన్న మాట వినబడింది.

దొర కూలీలను పంపివేసి గునపం పట్టాడు. మూడు రోజులు ఒక్కడే గోడ పడగొట్టాడు. నాలుగోనాడు ఎండిన కాలువలో నీరు గలగలా దిగి అమ్మవారి రాయిని తాకింది. నీటి వెనకే అతడు నడిచి వచ్చాడు. అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి. ఏదో చెప్పబోయాడు.

"మాటాడకు దొరా. అమ్మ చూసింది," అని సోములమ్మ ఆ చేతులకు పసుపు అద్దింది. కూతురి మూట తనే విప్పింది.

తరువాతి సభలో దొర గొంతు పలికింది. పలికిన మొదటి మాట, "ఊటను రైతుల పేర రాయించాను."

నేటికీ భక్తులు ముందు మేలు చేసి, తరువాతనే ఇక్కడికి వస్తారు. ఆక్రమించిన గట్టు వదిలినవారు, పొరుగువారికి బావి విడిచినవారు మౌనంగా చేతులు చాస్తారు, పూజారిణి పసుపు అద్దుతుంది. ఆ చేతులు పట్టిన పని చెడదని నమ్మకం. ఎన్నికల ముందు వచ్చే నాయకులకు మాత్రం పసుపు దొరకదు. కాలువ గట్టు రాతిమీద ఎవరి పేరూ లేదు. నీరు అమ్మను తాకిన రోజు మాత్రం చెక్కి ఉన్నది: 1927 మార్చి 9, బుధవారం.