చాలని చెప్పే చెయ్యి

విరూపాక్షయ్యగారికి ఒక అలవాటుంది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. గౌతమి ఒడ్డున ఆయన నడిపే ప్రకృతి వైద్యాశ్రమంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. తెలిసి తెలిసి అడిగినవాడు కపర్ది.

కపర్ది మంచి విద్యార్థే. కాకపోతే ముక్కు మీద కోపం, ఒకచోట నిలవని కాలు. ఏకాదశి వస్తే పచ్చిగంగైనా ముట్టడు, మర్నాడు ఆ సంగతి పదిమందికీ తెలిసేదాకా ఊరుకోడు. పాఠం అప్పజెప్పడంలో మాత్రం అతన్ని మించినవాడు లేడు. గురువుగారు ఒకప్పుడు పట్నంలో మెదడు వైద్యులు. ఆయన చెప్పిందంతా పొల్లుపోకుండా వల్లించేవాడు. ఒంట్లో చాలినంత కొవ్వుంటే అది రక్తంలోకి ఒక కబురు వదులుతుంది. మెదడు అడుగున ఉన్న కాసిని కణాలు ఆ కబురందుకుని ఆకలిని అణిచేస్తాయి. జన్యువులో ఒక్క తప్పు దొర్లితే కొందరికి ఆ కబురు పుట్టదు, కొందరికి పుట్టినా అందదు. ఇంత తెలిసినవాడూ వకుళని చూస్తే పళ్ళు కొరికేవాడు.

వకుళకి పదిహేనేళ్ళు. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేంత ఒళ్ళు. పాలు తాగే వయసు నుంచీ ఆకలని ఏడవని పూట లేదట. తల్లి కాంతారత్నం ఎక్కడెక్కడో తిప్పి, చివరి ఆశగా ఇక్కడికి తీసుకొచ్చి వారమైంది. పెట్టిన పథ్యం తినేసి ఆ పిల్ల వంటింటి చుట్టూ తిరుగుతూ ఉండేది. ఆవేళ పొద్దున కపర్ది గోశాలకి వెళ్ళేసరికి, ఆవులకి ఉడికించిన ఉలవలు రెండు చేతులా నోట్లో కుక్కుకుంటూ దొరికింది. అతన్ని చూసి కూడా ఆపలేదు. ఏడుస్తూనే తింటోంది.

కపర్దికి ఒళ్ళు మండింది. తిన్నగా తల్లి దగ్గరికి వెళ్ళి, "మూటాముల్లె సర్దుకోండమ్మా. దొంగతనానికి ఇక్కడ మందు లేదు," అనేశాడు. ఆవిడ ఎదురు చెప్పకుండా పెట్టె ముందుకి లాక్కుంది. "ఇంటికెళ్తే వాళ్ళ నాన్న గదిలో పెట్టి గొళ్ళెం వేస్తాడు బాబూ. కిందటిసారీ అలాగే చేశాడు," అని మాత్రం అంది. ఆ మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకున్నందుకు కోపం ఇంకాస్త ఎక్కువైంది. కాలు కాలిన పిల్లిలా వసారాలో ఆ కొస నుంచి ఈ కొసకి తిరిగి తిరిగి, చివరికి గురువుగారి ఎదట నిలబడ్డాడు.

"ఆకలి నాకూ వేస్తుంది, ఆ పిల్లకీ వేస్తుంది. నేను ఆపుకోగలిగింది తనెందుకు ఆపుకోలేదండీ? పంపించెయ్యమంటారా, వద్దంటారా?"

"బస్సు మధ్యాహ్నం కదా. భోజనాలయ్యాక చూద్దాం," అన్నారు గురువుగారు. "ఈ పూట పంక్తిలో నా ఎదట కూర్చో. తినడానికి తప్ప చెయ్యి కదపకు."

ఇదేం జవాబని విసుక్కుంటూనే కూర్చున్నాడు. ఆ ఆశ్రమంలో భోజనం మౌనంగా చెయ్యాలి. వడ్డన తిరుగుతూనే ఉంటుంది. చాలనుకున్నవాడు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాలి, అప్పుడే ఆగుతుంది. వేసింది పారెయ్యకూడదు. గురువుగారు లేచేదాకా ఎవరూ లేవకూడదు. పైగా వడ్డించే అచ్చియమ్మది ధారాళమైన చెయ్యి.

మొదటి విడత హాయిగానే తిన్నాడు. రెండో విడత సర్దుకున్నాడు. మూడోసారి అచ్చియమ్మ వచ్చి, చెయ్యి అడ్డం రాకపోయేసరికి మొహం చేటంత చేసుకుని ముద్దపప్పు మీద ఇంకో గరిటెడు నెయ్యి పోసింది. కళ్ళతో వద్దన్నాడు. ఆవిడ చూస్తే కదా. తిన్నది గొంతుదాకా వచ్చింది. నుదుటి మీద చెమట పట్టింది. గురువుగారు తలెత్తకుండా మెల్లగా మెతుకులు ఏరుకుంటున్నారు. పక్కవాడు ఇంకొకణ్ణి మోచేత్తో పొడిచి, ఇదేం ఆబరా అన్నట్టు కపర్ది ఆకు వంక చూశాడు. ఆ చూపు కపర్దికి తెలుసు. పొద్దున గోశాలలో తను వకుళ వంక చూసిన చూపు అదే. తల వంచుకుని, ముద్ద మీద ముద్ద మింగాడు.

ఆఖరికి పెరుగన్నం వచ్చింది. గిన్నె పట్టుకున్నది వకుళ. దొంగ చేతికి తాళాలిచ్చారనుకున్నాడు కపర్ది. ఒక్కో ఆకు దగ్గరా గుటకలు మింగుతూనే, ఒక్క మెతుకు నోట వేసుకోకుండా వరసంతా వడ్డించుకుంటూ వచ్చింది. అతని దగ్గరికి వచ్చేసరికి గరిటె ఎత్తి, ఆగిపోయింది. అందరూ ఆకు చూశారు, ఆ పిల్ల మొహం చూసింది. గరిటె గిన్నెలో పడేసి, ఆయాసపడుతూ వంగి, అతని ఆకు మీద తన చెయ్యి అడ్డం పెట్టింది. ఒకరి ఆకు మీద ఇంకొకరు చెయ్యి పెట్టడం ఆ ఆశ్రమంలో ఏనాడూ లేదు. వెనకాలే మజ్జిగతో వస్తున్న అచ్చియమ్మ బిత్తరపోయి వెనక్కి తగ్గింది.

కపర్ది సిగ్గుతో చచ్చిపోయాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

భోజనాలు కాగానే చెయ్యి కడుక్కుని కాంతారత్నం దగ్గరికి నడిచాడు. "పెట్టె లోపల పెట్టెయ్యండమ్మా. తప్పు మాట అన్నాను. రేపు పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్దాం, నేనూ వస్తాను. నెత్తురు పరీక్ష చేస్తారు. చాలన్న కబురు ఒంట్లో పుట్టని లోపమే అయితే దానికి సూదిమందు ఉంది," అన్నాడు. ఆవిడ నమ్మలేనట్టు కూతురి వైపు చూసింది.

తిరిగి వచ్చేసరికి గురువుగారు వసారాలో తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటున్నారు.

"నా కడుపు ఎప్పుడో నిండిందండీ," అన్నాడు కపర్ది తలెత్తకుండా. "చెప్పే దారి లేక తిన్నాను."

"నిండిన సంగతి నీదాకా వచ్చింది కదా నాయనా," అన్నారు ఆయన. "అదృష్టవంతుడివి."